బుల్లెట్ బరువు, బ్యారెల్ ట్విస్ట్: మీ రైఫిల్‌కి ఏది పడుతుందో తేల్చుకోవడం ఎలా

షూటింగ్ రేంజ్‌కి పిల్లల్ని కొత్తగా తీసుకొచ్చే నాన్నలు దాదాపు అందరూ అనే మాట ఒకటుంది. "ఏటండీ, బరువు బుల్లెట్ అయితే గాలికి కదలకుండా తిన్నగా ఎళ్తాది కదా, అదే ఇప్పించేయండి, డబ్బులు కొంచెం ఎక్కువైనా పర్లేదు." మాట పూర్తిగా తప్పేం కాదు. బరువు బుల్లెట్‌ని గాలి తక్కువ పక్కకి నెడుతుంది, నిజమే. కానీ మీ బ్యారెల్ ఆ బుల్లెట్‌ని సరిపడా వేగంగా తిప్పగలిగితేనే ఈ లాభమంతా. తిప్పలేకపోతే ఎంత ఖరీదైన తూటా అయినా టార్గెట్ కాగితం మీద అడ్డంగా పడి చీల్చుకుపోతుంది. అందుకని పెట్టె మీద గ్రెయిన్లు, అంటే బుల్లెట్ బరువు, చూసే ముందు మీ బ్యారెల్ ట్విస్ట్, అంటే అది బుల్లెట్‌ని ఎంత వేగంగా తిప్పుతుందో, తెలుసుకోండి. తర్వాత సగం ప్రశ్నలు వాటంతట అవే పోతాయి.

ముందే చెప్పేస్తా, ఇది టార్గెట్ షూటింగ్ వాళ్లకోసం రాస్తున్నది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో సవరణ వచ్చాక మన దేశంలో సరదా వేట అనే మాటే లేదు. తూటాల్ని ఇంట్లో నింపుకోవడం కూడా మనకి కుదరదు, లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. అమెరికా వీడియోలు చూసి పౌడరు, ప్రెస్సు అంటూ కలలు కనకండి. మన చేతిలో ఉన్నదల్లా దొరికే ఫ్యాక్టరీ తూటాల్లోంచి, ఎయిర్ రైఫిల్‌లో వేసే పెల్లెట్ల డబ్బాల్లోంచి మన బ్యారెల్‌కి పడేది ఎంచుకోవడమే. వైజాగ్‌లో నేర్చుకునేవాళ్ల చేతికి ఎక్కువగా వచ్చేవి .177 ఎయిర్ రైఫిల్, కొన్నాళ్లయ్యాక .22 రిమ్‌ఫైర్ (అడుగు అంచు మీద కొడితే పేలే చిన్న తూటా); ఈ అంకెలు బోరు, అంటే బ్యారెల్ రంధ్రం వెడల్పు, అంగుళాల్లో. .223, 6 ఎం.ఎం. లాంటివి మధ్యలో ఎత్తుతాను, లెక్క వాటిలో బాగా కనబడుతుంది కాబట్టి.

ఇంకో రెండు మాటలు చెప్పి అసలు విషయంలోకి వెళ్దాం. బుల్లెట్ బరువు అంటే తూటా మొత్తం బరువు కాదు, కేసు (ఇత్తడి గొట్టం) వదిలేసి బ్యారెల్లోంచి బయటికెళ్లే సీసం ముక్క బరువు. దాన్ని గ్రెయిన్లలో చెప్తారు. ఒక గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు, పాత కంసాలి తూకంలో గురిగింజకి దాదాపు సగం. మామూలు .22 లాంగ్ రైఫిల్ బుల్లెట్ 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాములకి కొంచెం ఎక్కువ.

ట్విస్ట్ అంటే

బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాళ్లు ఉంటాయి, వాటినే రైఫ్లింగ్ అంటాం. బుల్లెట్ ఎన్ని అంగుళాలు ముందుకెళ్తే ఒక పూర్తి చుట్టు తిరుగుతుందో అదే ట్విస్ట్. 1:16 అంటే 16 అంగుళాలకి ఒక చుట్టు. ఇక్కడ చాలామంది తడబడతారు: అంకె తగ్గేకొద్దీ ట్విస్ట్ వేగం పెరుగుతుంది. 1:9 బ్యారెల్ 1:16 కంటే చాలా వేగంగా తిప్పుతుంది.

తిప్పడం ఎందుకంటే, పొడుగ్గా ఉన్న బుల్లెట్‌లో బరువు కేంద్రం వెనక ఉంటుంది, గాలి తోపు పనిచేసే చోటు దానికి ముందు ఉంటుంది. అంటే గాలి ఎప్పుడూ ముక్కుని పట్టుకుని పల్టీ కొట్టించాలనే చూస్తుంది. బొంగరం తిరుగుతున్నంతసేపు నిలబడి, వేగం తగ్గగానే తూలి పడిపోయినట్టే ఇక్కడా, తిరగడం చాలినంత ఉంటే ముక్కు ముందుకే ఉంటుంది, చాలకపోతే పల్టీ.

ఇప్పుడు అసలు కిటుకు. బ్యారెల్‌కి బరువు తెలీదు, పొడవే తెలుసు. ఒకే లావు బుల్లెట్‌లో బరువు పెంచాలంటే పొడవు పెంచడం తప్ప దారి లేదు కాబట్టి, అందరూ సులువుగా 'ఇంత బరువుకి ఇంత ట్విస్ట్' అని చెప్పేస్తారు. చాలాసార్లు అది సరిపోతుంది కూడా. సరిపోనిచోటే డబ్బులు వృథా అవుతాయి. నాటో వాళ్ల 5.56 తూటానే తీసుకోండి. ఎస్ఎస్109 రకం బుల్లెట్ 62 గ్రెయిన్లు, దానికి 1:9 ట్విస్ట్ చాలు. అయినా ఎం16ఏ2 రైఫిల్‌కి 1:7 బ్యారెల్ పెట్టారు. కారణం దాంతోపాటు వాడే ట్రేసర్ బుల్లెట్, వెళ్లే దారి మెరుస్తూ కనబడే రకం. దాని బరువు సుమారు 64 గ్రెయిన్లే, రెండు గ్రెయిన్ల తేడా, కానీ వెనక మండే మందు సీసం కంటే బాగా తేలిక కాబట్టి ఆ బరువు రావడానికి బుల్లెట్ చాలా పొడుగైపోయింది. బరువు చూసి ట్విస్ట్ ఎంచుకుని ఉంటే ట్రేసర్లన్నీ పల్టీలు కొట్టేవి. సీసం లేకుండా మొత్తం రాగితో చేసే బుల్లెట్లకీ ఇదే గొడవ, అదే బరువుకి పొడవెక్కువ. కాబట్టి పెట్టె మీద గ్రెయిన్ల అంకె ఒకటే అయినా, లోపలున్నది సీసమా రాగా, వెనక సన్నబడిందా బల్లపరుపుగా ఉందా చూడాలి.

మీ బ్యారెల్ ట్విస్ట్ కొలవండి

కొత్త రైఫిల్ అయితే మాన్యువల్లో ఉంటుంది, కొన్ని బ్యారెళ్ల మీదే కొట్టి ఉంటుంది. చేతులు మారిన పాత .22 అయితే ఎవరి మాటా నమ్మకుండా కొలుచుకోవడమే మంచిది. పది నిమిషాల పని. రైఫిల్ క్లబ్బుదైతే ముందు కోచ్ సార్‌ని అడగండి, మీ ఇష్టానికి రాడ్ దూర్చేయకండి.

మ్యాగజైన్ తీసేసి, చాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలు పెట్టి కూడా చూసి, బోల్ట్ బయటికి తీసి పక్కన పెట్టండి. తూటాల పెట్టె ఆ గదిలోనే లేకపోతే ఇంకా మంచిది. కావాల్సింది ఒక క్లీనింగ్ రాడ్, కానీ దాని పిడిలో బేరింగ్ ఉండి రాడ్ దానంతటది తిరిగేలా ఉండాలి. పిడి బిగుసుకుపోయిన చవక రాడ్‌తో ఈ కొలత రాదు, గాళ్ల వెంట తిరగకుండా రాడ్ జారిపోతుంది. కొసకి బట్ట ముక్క కొంచెం బిగుతుగా చుట్టండి, తోసేటప్పుడు చేతికి అడ్డు తగలాలి గానీ సుత్తితో కొట్టాల్సినంత కాదు. ఒక చుక్క నూనె రాయండి.

బట్ట గాళ్లలోకి ఎక్కేదాకా మెల్లగా తోసి ఆపండి. ఇప్పుడు పిడికి దగ్గర్లో రాడ్ మీద చిన్న మాస్కింగ్ టేప్ ముక్క జెండాలా అంటించండి, పైకి చూస్తూ ఉండాలి. రాడ్ చాంబర్‌లోకి దూరే చోట స్కెచ్ పెన్‌తో సన్న గీత పెట్టండి. ఇక రాడ్‌ని మీరు తిప్పకుండా కేవలం ముందుకి తోయండి. టేపు జెండా మెల్లగా పక్కకి వాలుతుంది, కిందికి వెళ్తుంది, అవతలి పక్కనుంచి లేస్తుంది. మళ్లీ సరిగ్గా పైకి రాగానే ఆపి, అదే చోట రెండో గీత. రెండు గీతల మధ్య దూరం అంగుళాల్లో కొలిస్తే అదే మీ ట్విస్ట్. ఒక్కసారి కొలిచి ఊరుకోవద్దు, బట్ట ఒక్కోసారి జారుతుంది, నాలుగైదుసార్లు కొలిచి దగ్గరగా వచ్చినవాటి సగటు తీసుకోండి. బ్యారెల్ పొట్టిదై పూర్తి చుట్టు తిరగకపోతే, జెండా పైనుంచి సరిగ్గా కిందికి వచ్చేదాకా కొలిచి రెట్టింపు చేయండి. .22 రైఫిల్‌కి మీకు 15.5 వచ్చినా 16.5 వచ్చినా కంగారు వద్దు, మ్యాచ్ రైఫిళ్లలో 16, 16.5 రెండూ ఉన్నాయి.

లెక్క కొంచెం

1879లో జార్జ్ గ్రీన్‌హిల్ అనే ఇంగ్లండ్ గణిత ప్రొఫెసర్ ఒక చిన్న సూత్రం చెప్పాడు. ఇప్పటికీ జేబులో ఫోన్ కాలిక్యులేటర్ ఉంటే చాలు, పనిచేస్తుంది. బుల్లెట్ వ్యాసాన్ని దానితోనే గుణించి, 150తో గుణించి, పొడవుతో భాగించండి, అన్నీ అంగుళాల్లోనే. వచ్చిన అంకెకి సమానమైన ట్విస్ట్ గానీ అంతకంటే వేగమైనది గానీ ఉండాలి. సెకనుకి 2,800 అడుగులు దాటి వెళ్లే బుల్లెట్లకి 150 బదులు 180 వాడతారు.

.22 లాంగ్ రైఫిల్‌కి వేసి చూద్దాం. వ్యాసం 0.223, వర్గం చేసి 150తో గుణిస్తే 7.46. 40 గ్రెయిన్ల బుల్లెట్ పొడవు సుమారు 0.46 అంగుళం అనుకుంటే, భాగిస్తే 16.2. ఇన్నేళ్లుగా ఇన్ని కంపెనీలు .22 బ్యారెళ్లని 1:16 దగ్గరే ఎందుకు పెడుతున్నాయో ఇక్కడే తెలిసిపోతుంది, అవి 40 గ్రెయిన్ల బుల్లెట్ కోసం కోసిన బ్యారెళ్లు.

ఇప్పుడు అదే లావులో 60 గ్రెయిన్లు కావాలనుకోండి. అదనంగా 20 గ్రెయిన్ల సీసం ఎక్కడో పెట్టాలి, లావు పెంచలేం, కాబట్టి సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. పొడవు 0.64 అవుతుంది, లెక్క 11.7 చెప్తుంది. మీ దగ్గరున్నది 16. ఇది ఊహ కాదు, అగ్విలా అనే మెక్సికో కంపెనీ 60 గ్రెయిన్ల సబ్‌సోనిక్ (శబ్దం కంటే నెమ్మదిగా వెళ్లే) .22 తూటా నిజంగానే అమ్ముతుంది. మామూలు 1:16 బ్యారెల్లో అది కాగితం మీద అడ్డంగా పడుతుందని ప్రపంచమంతా చెప్పుకుంటారు, 1:9 బ్యారెల్ ఉన్నవాళ్లకి మాత్రం బాగానే వెళ్తుంది. పైన ఆ నాన్నగారు అడిగిన 'బరువు బుల్లెట్' ఇదే.

తేలిక వైపుకి వెళ్తే అంత గొడవ లేదు. 29, 32, 36 గ్రెయిన్ల .22 బుల్లెట్లు పొట్టివి, 1:16 వాటిని హాయిగా నిలబెడుతుంది. గురి ఎంత బాగుంటుందనేది వేరే సంగతి, హైవెలాసిటీ రకాలు ఒక ఫ్యాక్టరీ పెట్టెలోనే ఒకదానికొకటి పొందిక లేకుండా ఉంటాయి తరచూ.

కంపెనీలు కూడా ఈ లెక్క దగ్గర బోల్తా పడ్డాయి. 1955లో రెమింగ్టన్ తన .244ని 1:12 ట్విస్ట్‌తో తెచ్చింది, తేలిక బుల్లెట్లు చాలనుకుంది. అదే సమయంలో వించెస్టర్ .243ని 1:10తో తెచ్చింది, అది 100 గ్రెయిన్ల బుల్లెట్‌ని కూడా పట్టుకుంది. రెండూ 6 ఎం.ఎం. తూటాలే, అయినా జనం వించెస్టర్ వైపు వెళ్లిపోయారు. చివరికి 1963లో రెమింగ్టన్ ట్విస్ట్‌ని 1:9కి మార్చి, పేరు కూడా 6 ఎం.ఎం. రెమింగ్టన్ అని మార్చింది. అప్పటికి ఆలస్యమైపోయింది.

.223 దగ్గర మోటుగా ఒక అంచనా కావాలంటే: 40 నుంచి 55 గ్రెయిన్ల దాకా 1:12 చాలు, 62, 69 గ్రెయిన్లకి 1:9, 75, 77 గ్రెయిన్లకి 1:8, 80 గ్రెయిన్లకి 1:8 గానీ 1:7 గానీ, 90 గ్రెయిన్ల పొడుగు మ్యాచ్ బుల్లెట్‌కి 6.5 దాకా దిగాలి. బుల్లెట్ కంపెనీలు పెట్టె మీద కావాల్సిన ట్విస్ట్ రాస్తాయి, అది రాసి ఉంటే నా అంచనా పక్కన పెట్టి దాన్నే నమ్మండి.

వైజాగ్‌లో బాగుంది, ఢిల్లీలో?

గ్రీన్‌హిల్ సూత్రంలో గాలి సంగతి లేదు. ఇప్పుడు ఎక్కువమంది వాడేది డాన్ మిల్లర్ సూత్రం. అందులో బరువు, పొడవు, వేగం, ఉష్ణోగ్రత, గాలి ఒత్తిడి అన్నీ వేస్తే స్థిరత్వానికి ఒక అంకె వస్తుంది. 1 కంటే తక్కువైతే బుల్లెట్ నిలబడదు. 1.5 దాటితే నిశ్చింత. మధ్యలో ఉంటే రంధ్రం గుండ్రంగానే పడొచ్చు గానీ, బుల్లెట్ లోలోపల ఊగుతూ వెళ్తుంది, గాలి ఎక్కువ తింటుంది. ఇంటర్నెట్‌లో ఈ లెక్క వేసిపెట్టే కాలిక్యులేటర్లు బోలెడున్నాయి, చేత్తో వేయక్కర్లేదు. గుర్తుంచుకోవాల్సింది ఒకటే, ట్విస్ట్ ప్రభావం వర్గంలో పెరుగుతుంది. 1:12 నుంచి 1:9కి వెళ్తే స్థిరత్వం మూడో వంతు కాదు, ముప్పావు వంతుకి పైగా పెరుగుతుంది.

గాలి చిక్కబడితే ఈ అంకె పడిపోతుంది. మొదటి ఏఆర్15 రైఫిళ్లలో ట్విస్ట్ 1:14 ఉండేది, 55 గ్రెయిన్ల బుల్లెట్‌కి అది మామూలు వాతావరణంలో సరిగ్గా 1కి అటూ ఇటూగా ఉంటుంది, అంటే గోడ మీద పిల్లి. గడ్డకట్టే చలిలో పరీక్షించేసరికి బుల్లెట్లు గురి తప్పాయి. 1963లో 1:12కి మార్చారు.

మనకి గడ్డకట్టే చలి లేదు గానీ, లెక్క మనకీ వర్తిస్తుంది. మే నెలలో వైజాగ్‌లో 35 డిగ్రీల ఎండలో ఘనమీటరు గాలి 1.13 కిలోలు తూగుతుంది. డిసెంబరు, జనవరిలో ఢిల్లీ పొద్దున 8 డిగ్రీల్లో దాదాపు 1.23. ఎనిమిది, తొమ్మిది శాతం తేడా, స్థిరత్వం కూడా అంతే తగ్గుతుంది. నేషనల్స్ (జాతీయ పోటీలు) తరచూ చలికాలంలో ఢిల్లీ, భోపాల్ వైపే పెడతారు కాబట్టి, ఇక్కడ ఉక్కలో 'పర్లేదు, పడుతోంది' అనిపించిన తూటాతో అక్కడికి వెళ్లి టెన్షన్ పడకండి. అరకు తీసుకెళ్తే ఏమవుతుందని ఒకబ్బాయి అడిగాడు. అక్కడ చలి గాలిని చిక్కబరుస్తుంది, 900 మీటర్ల ఎత్తు పలచబరుస్తుంది, రెండూ దాదాపు చెల్లుకు చెల్లు.

తేమ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో ప్రతివాడూ గురి తప్పితే తేమ మీదికి తోసేస్తాడు. 'సముద్రం గాలి బరువుగా ఉంటుందండి' అంటారు. అదేం కాదు, నీటి ఆవిరి మామూలు గాలి కంటే తేలిక, తేమ గాలి ఒక పిసరు పలచగానే ఉంటుంది. ట్విస్ట్ లెక్కలో దాన్ని మర్చిపోవచ్చు. తేమ, ఉప్పు చేసే చెరుపు బ్యారెల్ లోపల తుప్పు రూపంలో ఉంటుంది, దాని సంగతి చివర్లో.

ఎయిర్ రైఫిల్ వేరే లోకం

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ వాళ్లు పైన రాసిందంతా చదివి తమ బ్యారెల్ ట్విస్ట్ ఎంతా అని బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. పెల్లెట్ నడుము సన్నగా, వెనక పావడాలా విచ్చుకుని ఉంటుంది, ఆ పావడాని గాలి వెనక్కి లాగి పెల్లెట్‌ని తిన్నగా ఉంచుతుంది, తిరగడం దానికి తోడు మాత్రమే. .177 బ్యారెళ్లు ఎక్కువగా 16 నుంచి 18 అంగుళాల మధ్య ఉంటాయి, మామూలు పెల్లెట్ ఏదైనా నిలబడుతుంది. మీరు చూడాల్సింది బరువు, తల వ్యాసం. రైఫిల్ మ్యాచ్ పెల్లెట్లు 0.53 గ్రాములు, అంటే 8.2 గ్రెయిన్ల దగ్గర ఉంటాయి, పిస్టల్ పెల్లెట్లు 0.45 నుంచి 0.49 దాకా. కొన్ని రైఫిళ్లు పిస్టల్ పెల్లెట్‌తోనే బాగా పడతాయి, అందులో నామోషీ ఏమీ లేదు, డబ్బా మీద రైఫిల్ అని రాసుందని పట్టుపట్టకండి. తల సైజు 4.49, 4.50 అని డబ్బా మీద ఉంటుంది, ఆ ఒక్క వందో వంతు మిల్లీమీటరు కొన్ని బ్యారెళ్లలో బరువు కంటే ఎక్కువ తేడా తెస్తుంది. 10 మీటర్ల కార్డు మీద పది అంటే అర మిల్లీమీటరు చుక్క అని గుర్తుంచుకుంటే ఇంత పట్టింపు ఎందుకో అర్థమవుతుంది.

స్ప్రింగ్ పిస్టన్‌ని తోసి గాలి కొట్టే స్ప్రింగ్ రైఫిల్ అయితే ఇంకో జాగ్రత్త. మరీ తేలిక పెల్లెట్ వేస్తే ముందు గాలి కుషన్ చాలక పిస్టన్ వెళ్లి సిలిండర్ గోడకి ధడేల్‌మని కొడుతుంది, సీలు, స్ప్రింగ్ రెండూ తొందరగా పోతాయి. మరీ బరువైతే పిస్టన్ వెనక్కి ఎగిరి వేగం పడిపోతుంది. మధ్యస్థం మేలు. ఈమధ్య ఎయిర్ రైఫిల్‌కి స్లగ్‌లని కొత్త మోజొకటి వచ్చింది. స్లగ్‌కి పావడా లేదు, అది చిన్న బుల్లెట్టే, కాబట్టి దానికి పై ట్విస్ట్ లెక్కంతా వర్తిస్తుంది, పెల్లెట్ కోసం చేసిన బ్యారెల్లో బరువు స్లగ్ వేసి రైఫిల్‌ని తిట్టకండి. శక్తి పెంచుకుంటూ పోతే చట్టం కూడా అడ్డొస్తుంది: .177 బోరు, 20 జౌళ్ల లోపు ఉన్నంతవరకే ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు.

పెల్లెట్లు తూచుకునే అలవాటు ఉంటే వంటింటి కాటా పనికిరాదు. 0.01 గ్రాము చూపించే కాటాలో ఒక అంకె తేడా అంటేనే పెల్లెట్ బరువులో రెండు శాతం. మిల్లీగ్రాము చూపించే బంగారం కాటా కావాలి. కురుపాం మార్కెట్లో తెలిసిన కొట్టు ఉంటే ఖాళీ టైములో ఒక డబ్బా తూయనిస్తారేమో అడిగి చూడండి, కొనక్కర్లేదు. మంచి మ్యాచ్ డబ్బా అయితే తూచి లాభం పెద్దగా ఉండదని నా ఉద్దేశం, చవక డబ్బాలోనే తేడాలు బయటపడతాయి.

మరీ వేగంగా తిప్పితే?

ఎక్కువ ట్విస్ట్ ఉంటే సేఫ్ కదా అనుకుంటారు. చాలావరకు సేఫే, కొద్దిగా ఎక్కువుండటం తక్కువుండటం కంటే నయం. కానీ హద్దుంది. చుట్ల లెక్క ఇలా వేయండి: సెకనుకి అడుగుల్లో వేగాన్ని 720తో గుణించి ట్విస్ట్‌తో భాగిస్తే నిమిషానికి చుట్లు. .22 మ్యాచ్ బుల్లెట్ 1,070 అడుగుల వేగంతో 1:16లో వెళ్తే సుమారు 48,000 చుట్లు. .223 బుల్లెట్ 3,200 అడుగులతో 1:7లో వెళ్తే 3,29,000. పల్చటి రాగి తొడుగున్న తేలిక బుల్లెట్ అయితే ఆ తిప్పుడికి గాల్లోనే విడిపోవచ్చు, కాగితం మీద రంధ్రమే కనబడదు. పైగా తయారీలో బరువు ఒక పక్కకి కాస్త ఒరిగి ఉంటే, ఎక్కువ తిప్పేకొద్దీ ఆ లోపం గ్రూపులో (వరసగా కాల్చిన రంధ్రాల గుంపులో) పెద్దదై కనబడుతుంది. అందుకే కావాల్సినదానికి కొంచెం పైన ఆపడం మంచిది, 55 గ్రెయిన్లు మాత్రమే వాడేవాడికి 1:7 బ్యారెల్ గొప్పేమీ కాదు.

రేంజ్‌లో తేల్చుకోవడం

లెక్క ఏది పనికిరాదో చెప్తుంది, పనికొచ్చేవాటిలో ఏది మంచిదో కాగితమే చెప్పాలి. .22 వాళ్లకి ఇదే ముఖ్యం, ఎందుకంటే మ్యాచ్ తూటాలన్నీ 40 గ్రెయిన్లే, బరువు ఎంపిక ఎప్పుడో అయిపోయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్ స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చిన 50 మీటర్ల త్రీ పొజిషన్ పోటీలో వాడేది కూడా ఈ 5.6 ఎం.ఎం. రిమ్‌ఫైరే. అక్కడ తేడా తెచ్చేది బ్రాండు, అంతకంటే లాట్ నంబరు, అంటే ఏ విడతలో తయారైందో చెప్పే అంకె. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర, లాట్ మారితే మీ బ్యారెల్ మొహం తిప్పుకోవచ్చు. ఎలీ, లాపువా లాంటి కంపెనీలు షూటర్ల రైఫిళ్లని క్లాంపులో బిగించి లాట్లు పరీక్షించే రేంజ్‌లు నడుపుతున్నాయంటే ఊరికే కాదు.

మనం చేసుకునేది చిన్న స్థాయిలో. గాలి లేని పొద్దుటి పూట వెళ్లండి, తొమ్మిది దాటితే సముద్రం వైపు నుంచి గాలి మొదలై మీరు పరీక్షించేది తూటానా గాలినా తెలీకుండా పోతుంది. రైఫిల్‌ని శాండ్‌బ్యాగ్ మీద పెట్టి కాల్చండి, స్లింగ్ (చేతికి కట్టుకునే పట్టీ) కట్టుకుని కాల్చి తూటా మీద తీర్పు చెప్పకండి. తూటా రకం మార్చిన ప్రతిసారీ మొదటి పది, పదిహేను లెక్కలోకి తీసుకోవద్దు, బ్యారెల్ లోపల పాత తూటా మైనం పోయి కొత్తది పట్టాలి. తర్వాత పదేసి తూటాల గ్రూపులు, రకానికి కనీసం మూడు. అయిదు తూటాల ఒక్క గ్రూపు చూసి మురిసిపోవద్దు, అయిదు బాగా పడటానికి అదృష్టం చాలు. 50 మీటర్ల కార్డులో పది వలయం 10.4 మిల్లీమీటర్లు, మీ గ్రూపు ఆ కొలతతో పోల్చుకుని చూడండి.

గ్రూపు సైజు కంటే ముందు రంధ్రాల అంచులు చూడండి, కార్డు విప్పి వెలుతురుకి పట్టుకుని. మంచి రంధ్రం గుండ్రంగా, చుట్టూ ఒకే మందాన మసి ఉంగరంతో ఉంటుంది. ఒక పక్కే మసి మందంగా, రంధ్రం కొంచెం కోడిగుడ్డు ఆకారంలో ఉంటే బుల్లెట్ ఊగుతోంది. తాళం చెవి రంధ్రంలా పొడుగ్గా చీలితే పల్టీ కొట్టింది, దాన్నే కీహోల్ అంటారు, ఆ తూటా ఆ బ్యారెల్‌కి అక్కడితో సరి. మెత్తటి కాగితం మీద రంధ్రాలు చిరిగి అంతా అలాగే కనబడుతుంది, కాబట్టి అసలు టార్గెట్ కార్డే వాడండి.

కీహోల్ కనబడగానే ట్విస్ట్ మీదికి నెట్టేయకండి. నిన్నటిదాకా బాగా పడిన 40 గ్రెయిన్ల తూటాయే ఈరోజు అడ్డంగా పడుతుంటే ట్విస్ట్ రాత్రికి రాత్రి మారదు కదా. బ్యారెల్ లోపల సీసం పేరుకుని ఉండొచ్చు, మజిల్ (బ్యారెల్ మూతి) అంచు ఎక్కడో దెబ్బ తిని ఉండొచ్చు, లేదా తుప్పు. బీచ్ రోడ్డు వైపు, పాండురంగాపురం వైపు ఉండేవాళ్లకి ఇది మామూలే, ఇంట్లో గేటు గొళ్లేలే ఏడాదికి తుప్పు పట్టిపోతుంటే రైఫిల్ ఎంత? ఏసీ గదిలోంచి తీసి నేరుగా బయటి ఉక్కలోకి తెస్తే చల్లటి బ్యారెల్ లోపలా బయటా చెమ్మ పట్టేస్తుంది. కేసు మూసే ఉంచి, బయటి వేడికి సర్దుకున్నాక తెరవండి. ఇంటికొచ్చాక పొడి బట్ట, తర్వాత పల్చగా నూనె, మళ్లీ కాల్చేముందు ఆ నూనె తుడిచేసే పొడి బట్ట, ఇంతే. ఎయిర్ రైఫిల్ బ్యారెల్‌ని మాత్రం ఇనప రాడ్‌తో గీకకండి, ఫెల్ట్ పెల్లెట్లు (మెత్తటి బట్ట ఉండలు) చాలు.

పరీక్షించిన కార్డుల వెనక తేదీ, ఉష్ణోగ్రత, తూటా పేరు, లాట్ నంబరు రాసి దాచుకోండి. బాగా పడిన లాట్ దొరికితే ఒక్క పెట్టె కొని 'మళ్లీ చూద్దాంలే' అనుకోవద్దు. మనకి దిగుమతి తూటాలు షూటింగ్ ఫెడరేషన్ ద్వారానో డీలర్ ద్వారానో వచ్చేసరికి నెలలు పడుతుంది, అప్పటికి ఆ లాట్ ఉండదు. మీ లైసెన్సు కోటా ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు, సీజన్‌కి సరిపడా అదే లాట్ ఒకేసారి తీసుకోండి. వచ్చిన పెట్టెల మీద నంబర్లు డీలర్ కొట్లోనే నిలబడి, మీ కార్డు వెనక రాసుకున్నదాంతో ఒక్కొక్కటీ సరిచూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.